ఐర్లాండ్ పోతే కోవ్ చూడండి, కానీ టైటానిక్ ఒక్కటే చూసి రావద్దు

మేం కడపకి తిరిగొచ్చి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో తక్కువలో తక్కువ పదిమంది అడిగారు, ఐర్లాండ్‌లో ఏం చూశారు మేడమ్ అని. పాలు పోసే అబ్బాయి అడిగాడు, మా పాత హెడ్మాస్టర్ సారు అడిగాడు, ఏడు రోడ్ల దగ్గర జిరాక్స్ షాపు పిల్లోడు అడిగాడు. ఇంక మా వీధిలోనే కొడుకునో కూతురినో డబ్లిన్‌కో కార్క్‌కో పంపి, ‘మమ్మల్ని కూడా రమ్మంటా ఉన్నారు, రెండు నెలలు ఆడ కూర్చుని ఏం చేయాల’ అని దిగులు పడేవాళ్ళు ముగ్గురున్నారు. అందరికీ అదే మాట చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకసారి రాసి పెట్టుకుంటే అడిగినవాళ్ళకల్లా పంపేయొచ్చు కదా అని మొదలుపెట్టా.

నా జవాబు ఒకటే. కార్క్ పక్కనే ఉన్న కోవ్ అనే రేవు ఊరు. అయిదుకి నాలుగున్నర ఇస్తా. ఆ అర ఎక్కడ పోయిందో తిండి దగ్గరికి వచ్చినప్పుడు చెప్తా.

మా పాప కార్క్‌లో నర్సు. ఇక్కడ మే నెలలో ఎండ నలభై దాటి కూలర్ కూడా వేడిగాలే కొడుతున్న రోజుల్లో నేనూ మా ఇంటాయనా అక్కడికి చేరాం. మొదటి వారమంతా నిద్ర, వాన, మళ్ళీ నిద్ర. రెండో వారం దానికి సెలవు దొరికింది, ‘అమ్మా, టైటానిక్ ఆఖరుసారి ఆగిన ఊరు చూపిస్తా పదండి’ అని రైలెక్కించింది. నిజం చెప్పాలంటే నాకు టైటానిక్ మీద పెద్ద ఆశేం లేదు. ముప్ఫై ఏళ్ళు గవర్నమెంటు స్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని, ఓడ మునిగింది, మనుషులు పోయారు, ఇంకేముంది చూడ్డానికి అనుకున్నా.

ముందు ఊరి పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో చివర బి, హెచ్ ఉంటాయి. మా ఇంటాయన బోర్డు చూసి ‘కోబ్’ అని గట్టిగా చదివాడు, పక్క సీట్లో ముసలాయన నవ్వు ఆపుకున్నాడు. ఐరిష్ భాషలో బి పక్కన హెచ్ వస్తే ‘వ’ అనాలంట. ఇంకో తమాషా ఏమంటే ఆ మాటకి ఐరిష్‌లో అర్థమే లేదు. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న మలుపుని ఇంగ్లీషులో కోవ్ అంటారు, ఆ మాటనే తమ అక్షరాల్లో రాసుకున్నారు, మనం రైల్వే స్టేషన్ అని తెలుగులో రాసుకున్నట్టు. 1849లో విక్టోరియా రాణి వచ్చిపోయిందని ఊరికి క్వీన్స్‌టౌన్ అని పేరు పెట్టారు, స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో దాన్ని తీసేసి మళ్ళీ కోవ్ చేసుకున్నారు. మనకిది బాగా అర్థమవుతుంది. మన ఊరి పేరుకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిపోయిన వంకర స్పెల్లింగుని 2005 దాకా మోసినవాళ్ళమే కదా.

కార్క్ కెంట్ స్టేషన్ నుంచి రైలు పాతిక నిమిషాలు. పోయేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, నీళ్ళు ఆ వైపే బాగా కనిపిస్తాయి. కోవ్ ఉండేది గ్రేట్ ఐలండ్ అనే దీవి మీద, రైలు నీళ్ళు దాటే పోతుంది. మధ్యలో ఫోటా అనే స్టేషన్‌లో దిగితే జంతువుల పార్కు ఉంది, జిరాఫీలు అవీ బోనుల్లో కాకుండా పచ్చిక మీద తిరుగుతుంటాయి, చిన్నపిల్లలుంటే దానికి వేరే రోజు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు అనుకుంటే రెండూ సరిగ్గా కావు.

రైలు దిగగానే ఎదురుగా సముద్రం. మన కడప మనిషికి అదే సగం పైసా వసూలు. దాన్ని సముద్రం అనడం కన్నా పెద్ద చెరువు అనాలేమో, చుట్టూ కొండలు, మధ్యలో దీవులు, అలలు లేవు. ప్రపంచంలోని పెద్ద సహజ రేవుల్లో ఇదొకటి. అంత పెద్ద ఓడలు లోపలికి వచ్చి నిలబడతాయి, వేసవిలో క్రూయిజ్ ఓడలు వస్తూనే ఉంటాయి. ఓడ వచ్చిన రోజు ఊరంతా కిటకిట, టీ కొట్టులో కూడా క్యూ. మేం మొదటిసారి అట్లాంటి రోజే పోయాం. ఓడలు వచ్చే రోజులు నెట్‌లో దొరుకుతాయి, ముందే చూసుకుని అవి లేని రోజు పోండి.

స్టేషన్ భవనంలోనే హెరిటేజ్ సెంటర్ ఉంది. నా మాట విని టైటానిక్ కన్నా ముందు ఇక్కడికి పోండి. పాత రైల్వే భవనంలో ఐర్లాండ్ వలసల కథంతా పెట్టారు. 1848 నుంచి 1950 దాకా ఆ దేశం వదిలి పోయినవాళ్ళు 60 లక్షలైతే, అందులో 25 లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే ఓడెక్కారు. ఆ లెక్క చదివి నేను అక్కడే కాసేపు ఆగిపోయా. అంతమంది చివరిసారి చూసిన నేల ఈ రేవే.

బయట రేవు ఒడ్డున ఒక పిల్ల విగ్రహం ఉంది, ఇద్దరు తమ్ముళ్ళతో. ఆనీ మూర్ ఆమె పేరు. 1891 డిసెంబర్ 20న ఇక్కడ నెవాడా అనే ఓడ ఎక్కింది. న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలండ్ అని వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసి లోపలికి పంపే కేంద్రం 1892 జనవరి 1న తెరిచారు, ఆ తలుపులోంచి మొట్టమొదట నడిచింది ఈ పిల్లే. పదిహేడేళ్ళు. పది డాలర్ల బంగారు నాణెం కూడా ఇచ్చారంట. ఫోటో తీసుకునేవాళ్ళందరూ ఇంతవరకే చదివి పోతున్నారు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. వాళ్ళ అమ్మా నాయినా అప్పటికే న్యూయార్క్‌లో ఉన్నారు. ముందు వాళ్ళు పోయారు, పిల్లల్ని ఇక్కడ పెట్టి.

కడప జిల్లాలో టీచర్‌గా పనిచేసిన ఎవరినైనా అడగండి. ప్రతి ఏడూ క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉండేవాళ్ళు, అమ్మ కువైట్‌లో ఇంటిపనికి, నాయిన అక్కడే డ్రైవరో వంటమనిషో, పిల్లోళ్ళు జేజి దగ్గర. ప్రోగ్రెస్ కార్డు మీద జేజి వేలిముద్ర. ఒక పిల్ల అయితే వ్యాసంలో ‘మా అమ్మ ఫోన్‌లో ఉంటుంది’ అని రాసింది, నేను ఎర్ర ఇంకుతో దిద్దబోయి మానుకున్నా. ఆ విగ్రహం ముందు పాప ‘అమ్మా, ఇట్లా తిరుగు, ఫోటో’ అని మూడుసార్లు పిలిస్తే గానీ నేను తిరగలేదంట.

హెరిటేజ్ సెంటర్ లోపల బంగాళాదుంప కరువు గది ఉంది. 1845లో దుంపకి తెగులు వచ్చింది, పేదవాళ్ళకి అదొక్కటే తిండి, పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షలకి పైగా ఓడలెక్కారు. ఓడల్లో కూడా చాలామంది దారిలోనే పోయేవాళ్ళు కాబట్టి వాటికి శవపెట్టె ఓడలని పేరొచ్చింది. జనం ఆకలికి పడిపోతుంటే అదే రేవుల నుంచి ధాన్యం, వెన్న, పశువులు ఇంగ్లండ్‌కి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ఇదంతా చదువుతుంటే మా జేజి చెప్పే ధాత కరువు గుర్తొచ్చింది. 1876–78లో మన కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాల్లో వచ్చిన కరువు అది, ఆమెకి వాళ్ళ జేజి చెప్పిందంట. అప్పుడూ మద్రాసు రేవులో ధాన్యం ఓడలకెక్కుతూనే ఉంది. ఇంకొక ముడి కూడా ఉంది. ఐర్లాండ్ కరువులో లండన్ ఖజానా శాఖ నుంచి సాయం పనులు నడిపి, ప్రభుత్వం మరీ ఎక్కువ చేయకూడదని పట్టుబట్టిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు, అంటే మన కడప మీద కూడా ఆయనే అధికారి. పాఠం చెప్పినన్నాళ్ళూ ఈ రెండూ వేరే వేరే అధ్యాయాల్లో చెప్పా, ఆ గదిలో నిలబడ్డాక గానీ కలిపి చూడలేదు.

ఇంకొకటి, దీన్ని మాత్రం తప్పకుండా చదవండి. అమెరికాకి పోయే మనిషికి ముందురోజు రాత్రి ఇంట్లో చేసే జాగారం. మామూలుగా చనిపోయిన మనిషి దగ్గర రాత్రంతా మేలుకుని కూర్చోవడం వాళ్ళ ఆచారం. పోయేవాడు మళ్ళీ రాడని తెలుసు కాబట్టి బతికున్న మనిషికే ఆ జాగారం చేసేవాళ్ళు. ఊరంతా వచ్చేది, పాటలు, డాన్సు, తాగుడు, తెల్లారుజామున ఏడుపులు, ఆ తర్వాత నడిచో బండి మీదో రేవుకి. 1993లో మా ఇంటాయన కువైట్ పోయేటప్పుడు మా ఇంట్లో జరిగిందీ అంతే, కాకపోతే తాగుడు పెరట్లో జరిగింది. రాత్రంతా నేనూ మా అత్తా చెనిక్కాయల పొడి, కారంపొడి, నిమ్మకాయ ఊరగాయ డబ్బాలకి మూతలు బిగించి గుడ్డలు కడతా ఉన్నాం, చుట్టాలు నడింట్లో పడుకున్నారు, పొద్దున్నే జీపు టైర్ కింద నిమ్మకాయలు పెట్టి మద్రాసుకి సాగనంపాం. పదహారేళ్ళు ఉన్నాడక్కడ. రెండేళ్ళకొకసారి రావడం, మొదట్లో క్యాసెట్‌లో మాటలు నింపి పంపడం, తర్వాత ఫోన్లు.

అదే సెంటర్లో ఓడ అడుగు భాగంలో పేదవాళ్ళు ఎట్లా పడుకునేవాళ్ళో కట్టి చూపించారు. చెక్క బల్లలు, ఒకదాని మీద ఒకటి, మనిషి లేచి కూర్చునే ఎత్తు కూడా ఉండదు. మా ఇంటాయన అప్పటిదాకా ఎక్కడా ఆగకుండా నడుస్తున్నవాడు అక్కడ నిలబడి, ‘మా రూమ్ కూడా ఇట్లే ఉండేది, పన్నెండు మందిమి’ అన్నాడు. నేను తిరిగి చూశా. క్యాసెట్లలో అంతా ఏసీ రూమ్ అని చెప్పినవాడు ఈయన. ‘ఏసీ ఉండేదిలే’ అన్నాడు. అకామా అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్టు, కపీలు అంటే వీసా ఇప్పించి పనికి పెట్టుకున్న అక్కడి యజమాని, రూమ్ బాడుగ, ఇట్లాంటివి ఆ తర్వాత అరగంట చెప్పాడు. మా పాప బొమ్మలు చూడ్డం మానేసి వాళ్ళ నాయిన పక్కన నడిచింది. అందుకే అంటున్నా, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనిషి మీ ఇంట్లో ఉంటే ఇక్కడికి రెండు గంటలైనా పెట్టుకోండి.

సరే, టైటానిక్. రేవు ఒడ్డునే వైట్ స్టార్ లైన్ కంపెనీ టికెట్ ఆఫీసు ఉండేది, ఆ భవనంలోనే ఇప్పుడు టైటానిక్ ఎక్స్‌పీరియన్స్ నడుస్తోంది. 1912 ఏప్రిల్ 11 పొద్దున పదకొండున్నరకి ఓడ వచ్చింది, మధ్యాహ్నం ఒకటిన్నరకి పోయింది. అంత పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు, దూరంగా రోచెస్ పాయింట్ దగ్గర లంగరు వేస్తే, ఇక్కడి నుంచి రెండు చిన్న పడవల్లో జనాన్ని, టపా మూటల్ని చేరవేశారు. ఆ పడవల పేర్లు ‘ఐర్లాండ్’, ‘అమెరికా’. ఎక్కింది 123 మంది, ఎక్కువమంది మూడో తరగతివాళ్ళు. టికెట్ కొన్నప్పుడు మన చేతికి ఒక కార్డు ఇస్తారు, దానిమీద ఆరోజు ఎక్కిన ఒక అసలు ప్రయాణికుడి పేరు ఉంటుంది, చివర గదిలో ఆ మనిషి బతికాడా పోయాడా చూసుకోవచ్చు. నాకది కొంచెం ఇబ్బందిగా అనిపించింది, చావుని లాటరీ టికెట్ మాదిరి గీకి చూసుకున్నట్టు. మా పాపకి బాగా నచ్చింది. ఎవరి అభిప్రాయం వాళ్ళది.

వెనకవైపు బాల్కనీ నుంచి పాత కొయ్య రేవు కనిపిస్తుంది. దుంగలు మాత్రం మిగిలాయి, పుచ్చిపోయి, వంగిపోయి. దానికి గుండె పగిలిన రేవని పేరు. కొత్తగా కట్టిన వాటన్నిటికన్నా ఆ పుచ్చిన దుంగలే నాకు ఎక్కువ చెప్పాయి.

గైడమ్మాయి చెప్పిన రెండు కథలు బాగున్నాయి. ఫ్రాన్సిస్ బ్రౌన్ అని ఫాదర్ కాబోతున్న కుర్రాయన, ఫోటోల పిచ్చి, ఇంగ్లండ్ నుంచి ఇక్కడి వరకే టికెట్. ఓడలో పరిచయమైన డబ్బున్న జంట న్యూయార్క్ దాకా మేం టికెట్ తీస్తాం రమ్మన్నారు. ఆయన పైవాళ్ళని తంతి ద్వారా అడిగితే దిగిపొమ్మని కచ్చితంగా జవాబొచ్చింది. దిగాడు, కెమెరాతో సహా. ఓడ లోపలి ఫోటోలు ప్రపంచానికి చాలావరకు ఆయన తీసినవే. రెండోది జాన్ కాఫీ అనే బొగ్గు మనిషి, ఈ ఊరి వాడే. ఇంటికి రావడానికే ఓడలో పనికి కుదిరాడేమో, టపా మూటల కింద దాక్కుని ఒడ్డుకి వచ్చేశాడు. ఇది విని మా ఇంటాయన తెగ సంబరపడ్డాడు. కపీలు పాస్‌పోర్టు దాచుకుంటే తప్పించుకొచ్చినవాళ్ళ కథలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఆ పోయిన అర మార్కు. ఆరోజు శనివారం, మేం నీచు ముట్టం. రేవు రోడ్డులో ఒక హోటల్‌కి పోయాం, పేరెందుకులెండి. ముప్పావు గంట కూర్చోబెట్టి, వెజిటేరియన్ అని రెండుసార్లు చెప్పినా సూప్‌లో చేప వచ్చింది. తప్పు ఒప్పుకున్నారు, మళ్ళీ ఇంకో ఇరవై నిమిషాలు. చివరికి మాకు దొరికింది కర్రీ చిప్స్. లావుగా కోసి వేయించిన ఆలుగడ్డల మీద పసుపుపచ్చగా, తియ్యగా ఒక జారు పోసి ఇస్తారు, దాన్ని కర్రీ అంటారు. అక్కడి జనం ఇష్టంగా తింటున్నారు, నేను అవమానించను, కానీ కారం దోసె తిని పెరిగిన నాలుకకి అది పాయసమూ కాదు పులుసూ కాదు. సోడా బ్రెడ్, వెన్న మాత్రం అద్భుతం, వెన్న అంటే అదీ వెన్న. నీచు తినేవాళ్ళకి చేపలకి లోటు లేదు, పాప తిన్నది, బాగుందంది. మీరు మాత్రం శనివారం, సోమవారం పట్టింపు ఉంటే పులిహోర కట్టుకుపోండి, సిగ్గుపడొద్దు. ఒడ్డున కెనెడీ పార్కులో బెంచీలున్నాయి, బ్యాండు వాయించే మంటపం కూడా ఉంది, కూర్చుని తినొచ్చు.

తిన్నాక కొండెక్కాలి. ఊరంతా మెట్లు మెట్లుగా కొండ మీదికి ఉంది. వెస్ట్ వ్యూ అనే వీధిలో 1850 ప్రాంతంలో కట్టిన 23 ఇళ్ళు, ఒక్కో ఇల్లు ఒక్కో రంగు, దిగువకి జారుతున్నట్టు వరసగా ఉంటాయి. పేకముక్కల ఇళ్ళు అంటారు, అన్నిటికన్నా కింది ఇల్లు పడిందంటే మిగతావన్నీ దానిమీదే పడతాయని వాళ్ళ జోకు. ఎదురుగా చిన్న పార్కు, వెనకాల చర్చి గోపురం, అందరి ఫోన్లలో ఉండే ఫోటో అదే. ఫోటో కోసం ఒక కుర్రాడు గోడెక్కాడు, అవతల లోతు, నేను టీచర్ గొంతుతో తెలుగులోనే అరిచా, దిగాడు. అవి మనుషులుండే ఇళ్ళు, కిటికీలోంచి ఒకామె చూస్తూ ఉంది, మరీ వాకిట్లోకి పోయి ఫోజులివ్వకండి.

చర్చి పేరు సెయింట్ కోల్‌మన్స్ కథీడ్రల్. లోపలికి టికెట్ లేదు, తోచింది హుండీలో వేయొచ్చు. 1868లో మొదలుపెడితే గోపురం అయ్యేసరికి 1915, అంటే నలభై ఏడేళ్ళు. గోపురం ఎత్తు సుమారు 90 మీటర్లు. ఇంకా కరువు దెబ్బ నుంచి తేరుకోని జనం, అమెరికా పోయినవాళ్ళు పంపిన డబ్బు కూడా కలిపి కట్టుకున్నారు. మన ఊళ్ళలో కువైట్ డబ్బుతో కట్టిన రామాలయాలు, మసీదులు లెక్కేసుకోండి. నీలంగా ఉండే గ్రానైట్, మధ్యమధ్య తెల్ల సున్నపురాయి. మా ఇంటాయన గోడ తడిమి ‘మన బండ కన్నా గట్టిదేం కాదు’ అన్నాడు. మన నల్లబండ కూడా సున్నపురాయేనని చెప్పా, కడపలో పుట్టి ఇంతకాలం తెలీదంట. పైన 49 గంటలున్నాయి, అన్నిటికన్నా పెద్దది దాదాపు మూడున్నర టన్నులు. తాళ్ళతో లాగడం కాదు, హార్మోనియం మెట్ల లాంటి కొయ్య మీటల్ని పిడికిలితో కొట్టి పాటలు వాయిస్తారు. వేసవి ఆదివారాలు సాయంత్రం వాయిస్తారు, మేం రెండోసారి పోయినప్పుడు విన్నాం. లోపల కాదు, బయట రెయిలింగు పట్టుకుని రేవు వైపు చూస్తూ వినండి.

దిగి వస్తే చౌకులో లూసిటానియా స్మారకం. పైన దేవదూత, కింద తలలు వంచిన జాలర్లు. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి కొడితే ఆ ఓడ పద్దెనిమిది నిమిషాల్లో మునిగింది, సుమారు 1,200 మంది పోయారు. బతికినవాళ్ళనీ, శవాలనీ చేపల పడవల్లో ఈ ఊరికే తెచ్చారు. టైటానిక్ మునిగింది ఎక్కడో నడిసముద్రంలో, ఈ ఊరు దాన్ని సాగనంపింది అంతే. లూసిటానియా మాత్రం ఈ ఊరి గుమ్మంలోకి వచ్చింది. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో పాత శ్మశానంలో సామూహిక సమాధులున్నాయి, టాక్సీలో పోయొచ్చాం, పది నిమిషాలు చాలు. టూరిస్టులు ఎవరూ లేరు, కాకులు, గడ్డి కోసే ఒకాయన.

మనవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి ఇదే దక్షిణ తీరానికి దూరంగా సముద్రంలో పడింది, 329 మంది. దొరికిన శవాల్ని కార్క్‌కి తెచ్చారు. వాళ్ళ స్మారకం అహకిస్తా అనే పల్లెలో ఉంది, నీడ గడియారంతో, కార్క్ నుంచి కారులో రెండు గంటలు. కోవ్‌లో అది కనిపించదు, కానీ కార్క్ దాకా పోయిన మనం చూడకుండా రాకూడదని నా పట్టు. పోయాం. ఆ పల్లె జనం ఇప్పటికీ ఏటా ఆరోజు అక్కడ చేరతారు.

స్పైక్ ఐలండ్‌కి ఇంకో రోజు పెట్టుకోండి, అదే రోజు కుదరదు. ఊరి ఒడ్డు నుంచి పడవలో పావుగంట. 104 ఎకరాల దీవి, మధ్యలో నక్షత్రం ఆకారంలో కోట. ఒకప్పుడు సన్యాసుల మఠం, తర్వాత ఇంగ్లీషువాళ్ళ ఫిరంగి కోట. 1847లో కరువు మధ్యలో దాన్ని జైలు చేశారు. ఆకలికి దొంగతనాలు పెరిగాయి, పట్టుకున్నవాళ్ళని పెట్టడానికి చోటు లేదు. కొన్నేళ్ళకే రెండు వేలమందికి పైగా ఖైదీలు, అప్పటికి ప్రపంచంలోనే పెద్ద జైలంట. చాలామందిని ఇక్కడ ఉంచి దూరదేశాలకి ఓడల్లో తోలేవాళ్ళు, మనవాళ్ళని అండమాన్‌కి తోలినట్టు. జాన్ మిచెల్ అనే పత్రికాయన్ని 1848లో ఇక్కడ పెట్టే పంపారు, ఇప్పుడు కోటకి ఆయన పేరే పెట్టుకున్నారు. దేశం 1922లో చేతికొచ్చినా ఈ కోటని ఇంగ్లండ్ 1938 దాకా వదల్లేదు. మళ్ళీ 1985 నుంచి 2004 దాకా జైలుగా వాడారు, మొదటి ఏడాదే ఖైదీలు తిరగబడి ఒక బ్లాకు తగలబెట్టారు, ఆ మసి గోడలు అట్లే ఉంచారు.

గైడు బాగా చెప్పాడు, ఐరిష్ యాస వేగం ఎక్కువ, మొదటి పది నిమిషాలు నాకేం అర్థం కాలేదు, తర్వాత చెవి అలవాటు పడింది. మా ఇంటాయన కోట గోడ మీద నిలబడి ‘మన గండికోట ముందర ఇదేం లెక్క’ అన్నాడు. చూడ్డానికి నిజమే, ఆ లోయ ముందు ఇది చిన్నది. కానీ పడవ టైముకి వస్తుంది, ప్రతి గదికీ కథ ఉంది, బాత్రూమ్ శుభ్రంగా ఉంది, వేడి టీ ఉంది. గాలి మాత్రం చంపేస్తుంది. జూన్ నెల అని నమ్మి చీర మీద పలచటి స్వెటర్‌తో పోయా, పాప జాకెట్ లాక్కుని వేసుకోవాల్సి వచ్చింది. చెవులకి మఫ్లర్, కాళ్ళకి బూట్లు, నీళ్ళు దిగని కోటు, ఇవి లేకుండా పడవెక్కొద్దు. గొడుగు దండగ, ఒక్క గాలికి తిరగబడుతుంది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అడుగుతారని తెలుసు. చర్చి దాకా టాక్సీలో పోయి, చూసుకుంటూ నడిచి దిగండి, ఎక్కడం తప్పుతుంది. దిగేటప్పుడు వానకి రాళ్ళు జారతాయి, రెయిలింగు వదలొద్దు. టికెట్లు చవక కాదు, యూరోని రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుంటే ఒక్క గదీ చూడలేరు, మార్చడం మానేయండి. అరవై దాటితే తగ్గింపు ఉందేమో అడగండి, ఆయనకి నామోషీ, నేను అడిగా. ఇంకో మాట, ఐర్లాండ్ వీసా వేరు, షెంగెన్ వీసా మీద రానివ్వరు, మా బంధువులొకరు ప్యారిస్ నుంచి ఇటు వద్దామని టికెట్ కొనుక్కుని నష్టపోయారు.

మూడోసారి పాపకి డ్యూటీ, మేమిద్దరమే రైలెక్కి పోయాం. ఏమీ చూడలేదు, టికెట్లు కొనలేదు. ఒడ్డున బెంచీ మీద నాలుగు గంటలు కూర్చున్నాం. అవతల హాల్‌బౌలైన్ దీవిలో వాళ్ళ నేవీ ఓడలు, ఇవతల చేపల పడవలు, తొమ్మిదైనా పొద్దు గుంకదు. ఆయన కువైట్ సముద్రం గురించి చెప్పాడు, శుక్రవారం సాయంత్రాలు అందరూ ఒడ్డుకి పోయి కూర్చునేవాళ్ళంట, ఓడలు చూస్తూ. నేను ఇంటినుంచి తెచ్చిన నిప్పట్ల డబ్బా తీశా. ఇక్కడి సముద్రపు పక్షులు మన కాకులకి పెద్దన్నలు, కోడిపుంజంత ఉంటాయి. మూత తీసి ఆయనకి ఒకటి ఇచ్చేలోగా ఒకటి దిగి రెండు నిప్పట్లు ఎత్తుకుపోయింది, కారానికి అరిచిందో సంతోషానికి అరిచిందో తెలీదు, కాసేపటికి ఇంకో నాలుగింటిని వెంటబెట్టుకుని వచ్చింది. మిగతావి రైల్లో తిన్నాం. మీరు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పైన చున్నీయో తువ్వాలో కప్పి, చెయ్యి లోపల పెట్టి ఒక్కొక్కటే తీసుకోండి.